నల్లగీత పడ్డ కాగితం

వంతెన మీద శవాన్ని చూసినప్పుడు ఏజెంట్ సబ్బు ముఖంలో ఏ మార్పూ లేదు. పక్కన దొరికిన కాగితాన్ని చూసి మాత్రం ముక్కు చిట్లించాడు.

"సరిహద్దు దాటి వస్తున్న మన మనిషి. అడుగు పెట్టగానే కాల్చేశారు" అన్నాడు గూఢచారి శాఖ అధిపతి. అందరూ ఆయన్ని పెద్దాయన అంటారు. "హంతకుడు పారిపోతూ జారవిడిచిన కాగితం అది. మన వాడు ఎక్కడ, ఎప్పుడు దాటుతాడో మొత్తం రాసి ఉంది."

లేజర్ ప్రింటర్‌లో వచ్చిన కాగితం. ఎడమ అంచున పైనుంచి కిందిదాకా నల్లటి గీత. మధ్యలో కాఫీ కప్పు అడుగు మరక. మూలన జిడ్డు వేలిముద్ర, దానికి అంటుకుపోయిన బిస్కెట్ పొడి.

"ఛీ! రహస్య పత్రం మీద కప్పు పెట్టారా?"

"ప్రాణం పోయిందిరా బాబూ అంటే నీకు మరక కనిపించిందా?"

"ఈ మరకే చెబుతోంది సార్. కాగితం మన ఆఫీసు బల్ల మీద కాసేపు కూర్చుని మరీ వచ్చింది."

ఎవరితో కరచాలనం చేసినా వెంటనే చేతులు కడుక్కుంటాడని శాఖలో అతనికి సబ్బు అని పేరు పెట్టారు. పెద్దాయన గొంతు తగ్గించాడు.

"ఈ సాయంత్రం ఇంకొకరు దాటాలి. మీ బావ."

బావ మందుల కంపెనీ పని మీద ఊళ్ళు తిరుగుతున్నాడనే అక్క అనుకుంటోంది.

"బావ వివరాల కాగితం ప్రింటు కాకుండా ఆపండి సార్."

"ఎలా ఆపను? ఫోన్లూ వైర్‌లెస్సూ అవతలివాళ్ళు వింటున్నారు. సీలు వేసిన కాగితం చేతికందితే తప్ప చెక్‌పోస్టు వాళ్ళు గేటు తీయరు. మీ బావ బయల్దేరిపోయాడు కూడా. నాలుగింటికి ప్రింటు. ప్రింటర్ మెకానిక్ వేషంలో ఆ ప్రింటు వేసే ఆఫీసుకు వెళ్ళు. లోపల మన ఏజెంట్ ఒకావిడ ఉంది, కోడ్ పేరు సీసా. నువ్వు 'గీత నిలువా, అడ్డమా?' అను. ఆవిడ 'కాగితం మార్చి చూశారా?' అంటుంది."

* * *

ఆ ఆఫీసు గుమ్మం దగ్గరే సబ్బు జేబురుమాలు తీశాడు. తలుపు పిడి జిగటగా ఉంది. కిటికీలో ఎండిన కప్పులు, వాటి అడుగున అంటుకుపోయిన ఈగలు. గోడకు వీపులు ఆనించీ ఆనించీ మనుషుల ఆకారంలో జిడ్డు పట్టింది. వీటన్నిటి మీదా ఖరీదైన సెంటు వాసన, చెత్తకుండీకి పూలదండ వేసినట్టు.

ఆ సెంటు సీసాదే. మీగడ రంగు పట్టు జాకెట్, ఎర్రగా మెరిసే గోళ్ళు, చేతిలో పెద్ద హ్యాండ్‌బ్యాగు.

"గీత నిలువా, అడ్డమా?"

"కాగితం మార్చి చూశారా?" కళ్ళతోనే నవ్వింది. "ఆ మెషీన్ మూత నేనెప్పుడూ ముట్టుకోలేదు బాబూ. నాకు అసహ్యం."

సబ్బు టెస్ట్ పేజీ వేశాడు. కాగితం తెల్లగా, కడిగిన కంచంలా వచ్చింది. గీత లేదు.

"ఇదేమిటి సార్?" అన్నాడు, కప్పు పట్టుకుని వచ్చిన సూపరింటెండెంట్‌తో.

"రోజూ రాదయ్యా! ముఖ్యమైన కాగితం వేసినప్పుడే వస్తుంది, పగబట్టినట్టు. మళ్ళీ వేస్తే బాగా వస్తుంది."

"మరి పాడైన కాగితం?"

"అదిగో బుట్ట. మంచి కాపీకి సీలూ, బీరువా. పాడైనదానికి ఎందుకయ్యా ఆ మర్యాదలన్నీ?" బుట్టలోంచి ఒక కాగితం తీసి, బల్ల మీద పరిచి, దాని మీద కప్పు పెట్టాడు.

సబ్బు చూపు తిప్పుకున్నాడు. ప్రింటర్‌లోంచి కార్ట్రిడ్జ్ తీసి, అందులో అక్షరాలు అద్దే డ్రమ్ము మీదకు టార్చి వేశాడు. చిన్న గాటు కూడా లేదు. గాటు పడ్డ డ్రమ్ము ప్రతి కాగితం మీదా గీత గీస్తుంది. హాజరుపట్టీ ఏదో రహస్యం ఏదో డ్రమ్ముకు తెలియదు. అంటే ఎవరో సమయం చూసి కార్ట్రిడ్జ్ మారుస్తున్నారు! కాగితాన్ని కావాలనే పాడుచేసి, బుట్ట దారిన బయటికి పంపిస్తున్నారు.

లేచి నిలబడేసరికి అతని చూపు సీసా జాకెట్ అంచు మీద పడింది. బూడిదరంగు మరక, నేతలోకి ఇంకిపోయింది.

"అయ్యో, మంచి పట్టు మేడం. ఉతకలేదా?"

"రెండుసార్లు వేణ్ణీళ్ళలో ఉతికాను. పోతేగా!"

ప్రింటర్‌లో సిరాకు బదులు వాడే టోనర్ ప్లాస్టిక్ పొడి. దులిపేసి చన్నీళ్ళలో జాడిస్తే పోతుంది, వేణ్ణీళ్ళు తగిలితే కరిగి బట్టను పట్టేస్తుంది. మూత ముట్టుకోని మనిషి జాకెట్‌కు అది ఎలా అంటింది?

"నాలుగవుతోంది. రహస్య ప్రింటు. మీరు బయటికెళ్ళండి" అంది సీసా. సూపరింటెండెంట్ ఫైలు పంపడానికి తన గదిలోకి వెళ్ళాడు.

సబ్బు వెళ్ళాడు, పనిముట్ల సంచీని అక్కడే వదిలి. సంచీ బొత్తాం కెమెరా, చేతి గడియారం తెర. వరండాలో చిత్తుకాగితాలవాడు గోనె పట్టుకుని నిలబడ్డాడు. వాడి బూట్లు అద్దాల్లా మెరుస్తున్నాయి.

గడియారంలో సీసా హ్యాండ్‌బ్యాగు తెరిచింది. లోపల ఇంకో కార్ట్రిడ్జ్! మంచిది తీసి, గాటు పడ్డది తోసింది. ప్రింటర్ గుర్రుమంది.

సబ్బు తలుపు తన్ని లోపలికి దూకి, ప్రింటర్ మూత లాగేశాడు. కాగితం సగంలో ఆగిపోయింది.

"చెయ్యి తియ్యి." సీసా చేతిలో చిన్న పిస్తోలు. "ఆ కాగితం ఇలా ఇవ్వు."

"మన శాఖ మనిషివి! ఎందుకు?"

"ఈ కంపు ఇన్నేళ్ళు భరించాను. అవతలివాళ్ళ ఆఫీసులు అద్దాల్లా ఉంటాయి."

జిగట పిడికీ, ఈగల కప్పులకూ కలగని రోత అప్పుడు కలిగింది సబ్బుకు. కాగితం మీద బావ దాటబోయే చోటు స్పష్టంగా అచ్చయి ఉంది. కానీ కాగితం ఇంకా వేడి రోలర్ దాకా పోలేదు. రోలర్ కాల్చని అక్షరం ఉత్త పొడి. ఊదితే లేచిపోతుంది.

జీవితంలో మొదటిసారి, కావాలని, అరచెయ్యి మొత్తం మురికిలో పెట్టి ఒక్క తుడుపు తుడిచాడు. ఊరూ, వేళా, బావా అన్నీ నల్లటి మసిలో కలిసిపోయాయి. రెండో చేత్తో నడుముకు కట్టుకున్న, టోనర్ పొడి పీల్చే చిన్న వాక్యూమ్ స్విచ్చి వెనక్కి తిప్పాడు. లోపలి పొడంతా సీసా ముఖం మీదకు ఎగజిమ్మింది. తుమ్ముతో పాటే తూటా పైకప్పుకు తగిలింది. పిస్తోలు అతని చేతికొచ్చింది.

వరండాలో మెరిసే బూట్లు పరుగెత్తి, నేరుగా బయట కాపు కాస్తున్న పెద్దాయన మనుషుల చేతుల్లో పడ్డాయి. మంచి కార్ట్రిడ్జ్‌తో మళ్ళీ ప్రింటు వేశారు. గీత లేని కాగితం, సీలు వేసుకుని చెక్‌పోస్టుకు బయల్దేరింది.

ఇక ఎవరు విన్నా ఫరవాలేదని చీకటి పడేవేళకు పెద్దాయన ఫోన్ చేశాడు. "మీ బావ దాటాడు. ఒంటి మీద దెబ్బ లేదు. కానీ స్నానం చేసి చాలా రోజులైనట్టుంది."

"ముందు స్నానం చేయించండి సార్. అక్క దగ్గరికి తరవాత పంపండి."

ఆఫీసు కుళాయిలో నీళ్ళు రాక, నల్లటి అరచేతిని ఇంకా ఒంటికి దూరంగా పట్టుకుని నిలబడ్డ సబ్బును చూసి సూపరింటెండెంట్ జాలిపడ్డాడు. "అయ్యో, తుడుచుకోవయ్యా!" అంటూ బుట్టలోంచి ఒక కాగితం అందించాడు. పైన 'అతి రహస్యం' అని ఉంది. ఎడమ అంచున నల్లగీత, మధ్యలో కప్పు మరక.

రహస్య పత్రం బయట కనిపిస్తే అక్కడికక్కడే నమిలి మింగెయ్యాలని శాఖ శిక్షణలో నేర్పారు. సబ్బు ఆ మరక వంక కాసేపు చూశాడు.

"అగ్గిపెట్టె ఉందా సార్?" అన్నాడు.