పసుపు కళ్లంలో గాలిమర

దేవేందర్ తయారుచేసిన ఎగిరే గాలిమర మూడోసారి కూడా ఎగిరింది. మూడోసారి కూడా పడింది. ఈసారి పడింది కోరుట్ల పక్కన రైతు సాయినాథ్ ఆరబోసుకున్న పసుపు మీద.

హీలియం బెలూన్‌కు రెక్కలు కట్టి కరెంటు తీస్తానని, హైదరాబాద్‌లో మంచి ఉద్యోగం మానేసి జగిత్యాల వచ్చిన ఇంజినీరు దేవేందర్. నాలుగోసారి కూడా పడితే తిరిగి ఉద్యోగానికి పోతానని ఇంట్లో మాటిచ్చాడు. వాళ్లు అప్పుడే సూట్‌కేసు దులిపి పెట్టారు.

పసుపు కొమ్ముల మధ్య నుంచి బెలూన్ లాగుతుంటే సాయినాథ్ కూతురు నీల ఎదురొచ్చింది. సిరిసిల్లలో బట్టలు కుట్టే యూనిట్‌లో సూపర్‌వైజర్. పసుపు పనులకని సెలవు పెట్టి వచ్చింది.

"ఎవరిది గీ డేరా?"

"డేరా కాదండి, విండ్ టర్బైన్. పైకి పోయినకొద్ది గాలి నిలకడగ ఉంటది. అందుకే తాడు కట్టి ఎగరేస్తున్న."

"మరి కిందికెందుకచ్చింది?"

"దాని మీదనే రీసెర్చ్ చేస్తున్న."

నీల నవ్వలేదు. బెలూన్ మీది గుడ్డ తొడుగు చినిగిన చోట వేళ్లతో తడిమింది. "గీ కుట్టు ఎవరు కుట్టిండ్రు?"

"నేనే."

"తెలుస్తుంది."

ఆ తొడుగును సిరిసిల్ల తీసుకెళ్లి, అంచులు మడిచి రెండు వరుసలు కుట్టింది. రెండు రోజుల పని. దేవేందర్ మాత్రం నెలంతా సిరిసిల్ల బస్సెక్కాడు. ఒకసారి దారం రంగు అడగడానికి, ఇంకోసారి సూది నంబరు అడగడానికి. ఆమె ఏమీ అనలేదు గనక తన తెలివి పారిందనుకున్నాడు.

నాలుగో పరీక్ష ఒక ఆదివారం, సాయినాథ్ పొలంలోనే.

"మళ్ల నా పొలంల పడితె నిన్ను గూడ పసుపు లెక్క ఆరబెడత," అని ముందే చెప్పాడు సాయినాథ్.

బెలూన్ లేచింది. తాడు బిగిసింది. రెక్కలు తిరిగాయి. కింద పెట్టిన బల్బు ఒకసారి మిణుకుమని, ఆపైన వెలుగుతూనే ఉంది.

బస్సులో వల్లె వేసుకున్న మాటలన్నీ దేవేందర్ మరిచిపోయాడు. "నీలా, గాలి సెకనుకు తొమ్మిది మీటర్లుంది."

"గది చెప్పనీకెనా గిన్ని చెమటలు?"

"కాదు. నువ్వంటె ఇష్టం. దారం రంగు అడిగిందంత ఉత్తదే."

"తెలుసు. పసుపు అమ్మి నెలయింది, ఇంట్ల పనేం లేదు. ఆదివారం ఆదివారం నేను ఊరికెందుకస్తున్న అనుకున్నవ్?"

అతను అసలేమీ అనుకోలేదు.

"నేనైతె నన్ను సూడనీకె అస్తున్నవనుకున్న బిడ్డా," అన్నాడు వెనక నుంచి సాయినాథ్. దేవేందర్ వైపు తిరిగాడు. "పిల్లగా, ముందుగల దాన్ని కిందికి దించు. అన్నం తిని మీ ఇంటోళ్లను రమ్మని ఫోన్ చెయ్యి."

దేవేందర్ తాడు చుట్టే చక్రం పిడి పట్టి తిప్పడం మొదలుపెట్టాడు. అది రెండుసార్లు జారింది. నీల వచ్చి రెండో పిడి పట్టుకుంది.