స్నిగ్ధ టిఫిన్ బాక్సులో పుట్టగొడుగులు

"ఇటు చూడు, ఎన్నున్నయో!" అని హిమజ అరిచింది.

శనివారం కావడంతో బడి మధ్యాహ్నానికే వదిలారు. తెల్లవారేదాకా పడిన వానకు, నాచారంలో వాళ్ల కాలనీ చివరి ఖాళీ ప్లాటులో తెల్లటి పుట్టగొడుగులు లేచాయి. కొన్ని చిన్న పళ్లెమంత వెడల్పుగా విచ్చుకున్నాయి.

హిమజ, స్నిగ్ధ ఆరో తరగతి చదువుతున్నారు. స్నిగ్ధ వాళ్లు విశాఖపట్నం నుంచి వచ్చి మూడు నెలలే అయింది. వాళ్ల నాన్న ఉప్పల్ దగ్గర ఒక ల్యాబ్‌లో సైంటిస్టు.

"వీటిని తినొచ్చా?" అంది స్నిగ్ధ.

"మస్తుగుంటయి! మా నాయనమ్మ ఊర్ల పుట్టల మీదియి ఎన్నిసార్లు తెచ్చిందో."

"విషం ఉన్నవి కూడా ఉంటాయట కదా. అమ్మ ఒప్పుకోదేమో."

హిమజ ఒక్క క్షణం ఆగింది. నాయనమ్మ తెచ్చి వండితే తినడమే తప్ప, వాటిని ఎలా గుర్తుపడుతుందో ఎప్పుడూ అడగలేదు. స్నిగ్ధ ముందు ఆ మాట ఒప్పుకోబుద్ధి కాలేదు.

"పొద్దుగాల నాయనమ్మ పాలకు పోతూ చూసింది. మంచియే అన్నది. మీ అమ్మకు గట్లనే చెప్పు."

నాయనమ్మ ఆ పొద్దున ఇల్లు కదలనేలేదు.

స్నిగ్ధ తన టిఫిన్ బాక్సు నింపుకుని ఇంటికి వెళ్లింది. హిమజ ఇంకో గంట అక్కడే ఆడుకుని, తన బాక్సు కూడా నింపుకుని ఇంటికి పరుగెత్తింది.

నాయనమ్మ ఉప్పలమ్మ గుమ్మంలో చిక్కుడుకాయలు తుంచుతోంది. బాక్సులోంచి ఒక పుట్టగొడుగు తీసి తిరగేసింది. గొడుగు కింది రేకులు లేత ఆకుపచ్చగా ఉన్నాయి.

"యాడియి బిడ్డా ఇవి?"

"మన ప్లాటులయే. వండుతవా?"

"వద్దు. మీదికెళ్లి చూస్తే మనం తినేటియి లెక్కనే ఉన్నయి. కింద చూడు, పచ్చగున్నయి. ఇసొంటియి తిని మా ఊర్ల ఒక ఇంటోళ్లంత దవాఖానాల పడ్డరు."

"అయితే పచ్చగ లేనియి తినొచ్చా?"

"గట్ల కాదు బిడ్డా. తెల్లగ ఉండి పానం తీసేటియి గూడ ఉంటయి. నాకు మా ఊరి పుట్టల మీదియే ఎరుక. ఈడియి నాకు తెల్వయి. తెల్వనియి ముట్టను."

హిమజ వీధి వైపు చూసింది. "నాయనమ్మా... స్నిగ్ధ గూడ తీస్కపోయింది."

"ఉరుకు!" అంది ఉప్పలమ్మ.

ఇంట్లో ఉన్న ఒక్క సెల్‌ఫోనూ నాన్నతోపాటు ఫ్యాక్టరీకి వెళ్లింది. హిమజ చెప్పులైనా వేసుకోకుండా రెండు వీధులు పరుగెత్తింది.

స్నిగ్ధ వాళ్ల గుమ్మం దాకా కూర వాసన వస్తోంది. లోపల స్నిగ్ధ అన్నం కలుపుతోంది. నాలుగేళ్ల తమ్ముడు ధీరజ్ అప్పటికే నములుతున్నాడు.

"తినొద్దు ఆంటీ! అవి మంచియి కావు!"

స్నిగ్ధ వాళ్లమ్మ ఛాయాదేవి కూతురి ముందున్న కంచం లాగేసింది. ధీరజ్ నోట్లోది ఉమ్మించింది.

"అయ్యో, ఒక ముక్క మింగేశాడు. మీ నానమ్మగారు చూశారన్నావటగా?"

నాయనమ్మకు కళ్లు సరిగ్గా కనబడవని చెప్తే సరిపోతుంది. ఆ మాట నోటిదాకా వచ్చింది. పుట్టగొడుగు తిరగేసి చూస్తున్న నాయనమ్మ ముఖం కళ్లముందు మెదిలింది. హిమజ తల దించుకుంది.

"ఆమె చూడలే ఆంటీ. నేనే అబద్ధం చెప్పిన."

ఛాయాదేవి మిగిలిన పుట్టగొడుగులు డాక్టరుకు చూపించడానికి కవర్లో వేసుకుని, ధీరజ్‌ను ఎత్తుకుని, స్నిగ్ధను వెంటబెట్టుకుని ఆటో ఎక్కింది.

సాయంత్రానికి ధీరజ్‌కు వాంతులు మొదలయ్యాయని, సెలైన్ పెట్టారని తెలిసింది. హిమజకు అన్నం సహించలేదు. నాయనమ్మ పక్కకు వెళ్లి కూర్చుంది.

"నీ పేరు చెప్పిన నాయనమ్మా. నువ్వు చూసినవని చెప్పిన."

ఉప్పలమ్మ మనవరాలి వైపు తిరిగింది.

"నా మాట మీద పసిపిల్లగానికి పెట్టింది ఆ తల్లి," అంది.

ఆమె తిట్టి ఉంటే బాగుండేదనిపించింది హిమజకు.

ఆదివారం మధ్యాహ్నం ధీరజ్ ఇంటికి వచ్చాడు. హిమజ వెళ్లి తప్పయిందని చెప్పింది. ఛాయాదేవి తలుపు దగ్గరే విని, "సరేనమ్మా" అంది. స్నిగ్ధ బయటికి రాలేదు. సోమవారం, మంగళవారం బడిలో వేరే బెంచీలో కూర్చుంది.

బుధవారం మళ్లీ వాన పడింది. బడి నుంచి వస్తున్న హిమజకు ప్లాటులో రెండో తరగతి స్వర్ణలత కనబడింది. గౌను ఒడిలో పుట్టగొడుగులు ఏరుకుంటోంది.

"అక్కా, ఇవి మంచియేనా? మీ నాయనమ్మకు అన్ని ఎరుకనట గద?"

వెనక నాలుగడుగుల దూరంలో స్నిగ్ధ వస్తోంది. ఆమెతోపాటు క్లాసు పిల్లలు ఇంకో ముగ్గురు. హిమజ ముఖం వేడెక్కింది. అయినా గొంతు తగ్గించలేదు.

"పారెయ్ స్వర్ణా. మొన్న నేను ఇవే కోసిన. నాకు తెల్వకున్నా మంచియే అని చెప్పిన. ధీరజ్ దవాఖానాల పడ్డడు."

పిల్లలు అక్కడే ఆగిపోయారు. స్వర్ణలత భయపడి గౌను దులిపేసింది. మట్టి చేతులు గాల్లోకి పెట్టి ఏడుపు ముఖంతో నిలబడింది.

హిమజ తన వాటర్ బాటిల్ తీసింది. అందులో నీళ్లు అయిపోయాయి.

స్నిగ్ధ ముందుకు వచ్చి తన బాటిల్ మూత తిప్పింది. "స్వర్ణ చేతులు బాగా పట్టుకో, నేను నీళ్లు పోస్తాను," అంది హిమజతో.