నీడ లేనిది

ఏడుంబావుకి ఫిర్యాదు వచ్చింది. ఏడున్నరకల్లా ఎస్సై ఆ గదిలో ఉంది.

మంచం ఖాళీ. దుప్పటి నీటుగా మడత పెట్టి ఉంది. ఫోన్ ఛార్జింగ్‌లో ఉంది. చెత్తబుట్టలో వాడేసిన ఇన్సులిన్ సూది. వంటింట్లో పొయ్యి చల్లగా ఉంది.

మనిషి మాత్రం లేడు. డెబ్బై ఒక్క ఏళ్ల రిటైర్డ్ సర్వేయర్.

"చివరిసారి ఎప్పుడు చూశారు?" ఎస్సై అడిగింది.

"పొద్దున చూళ్లేదు మేడమ్. ఆరుకి పది నిమిషాలుందనగా వీధి తలుపు చప్పుడైంది. వాకింగ్‌కేమో అనుకుని మళ్లీ పడుకున్నాను." అంది కూతురు. ఆవిడ బడిలో లెక్కల టీచరు.

"ఏమైనా తిని వెళ్లారా?"

"లేదు. సూది వేసుకున్న పావుగంటకల్లా తినాలి. టిఫిన్ అదే చేసి పెడుతుంది. అది ఇవాళ రాలేదు."

పనామె రాలేదని కానిస్టేబుల్ రాసుకున్నాడు. స్టేషన్లో అందరూ అతన్ని గడియారం అంటారు. చేతికి వాచీ ఉన్నా లేకపోయినా అతని నోట నిమిషం తప్పదు.

ఎస్సై ఫోన్లో డాక్టర్ని పట్టుకుంది.

"సూది వేసుకుని తినకపోతే షుగర్ పడిపోతుంది. మనిషి ఎక్కడో కూర్చుని వాలిపోతాడు. చూసేవాళ్లకి నిద్రపోతున్నట్టే ఉంటుంది. పదిలోపు దొరక్కపోతే నేనేమీ చెప్పలేను."

"ఏడూ నలభై రెండు మేడమ్," అన్నాడు గడియారం.

ఆ వీధిలో ముప్పై ఎనిమిది ఇళ్లు. ఏదీ రెండంతస్తులు దాటదు. వీధి చివర మెట్రో స్టేషన్. దాన్ని ఆనుకుని ముప్పై అంతస్తుల టవర్ లేపుతామని ఒక కంపెనీ ప్లాన్ పెట్టింది. సాయంత్రం నాలుగింటికి బహిరంగ విచారణ. టవర్ నీడ ఏ నెలలో ఏ ఇంటి మీద ఎన్ని గంటలు పడుతుందో సర్వేయర్ మ్యాపు గీశాడు. వీధివాళ్ల చేతిలో ఉన్న ఆయుధం అదొక్కటే.

అందుకే వీధి సంఘం కార్యదర్శి ఊగిపోతున్నాడు. ఆయనది మందుల షాపు.

"వాళ్లే ఎత్తుకుపోయారు మేడమ్! నాలుగింటికి ఈయన నోరు తెరిస్తే వాళ్ల ముప్పై అంతస్తులూ గాల్లో కలిసిపోయేవి!"

"టవర్ వస్తే మీకేం నష్టం?"

"ఏం నష్టమా? ఎండ పోతుంది. ఉన్న నీళ్లే చాలట్లేదు. స్కూటర్ తిప్పే చోటుండదు. ఆరొందల కిటికీలు మా వంటింట్లోకి తొంగిచూస్తాయి!"

కంపెనీ సైట్ మేనేజర్‌ని ఎనిమిదింటికి పిలిపించారు. వస్తూనే చేతులు జోడించాడు.

"ఆయన ఎక్కడున్నారో నాకెలా తెలుస్తుందండీ? రైలు దిగి నడిచి ఇంటికెళ్లే చోట ఇళ్లు కట్టకపోతే ఇంకెక్కడ కడతాం? వీళ్ల గిన్నెలు తోమేవాళ్లు రెండేసి గంటలు ప్రయాణం చేసి వస్తున్నారు. కింది ఆరంతస్తులు తక్కువ అద్దెకిస్తామని రాసి కూడా ఇచ్చాం."

"పొద్దున ఆరింటికి ఎక్కడున్నారు?"

"ఇంట్లో. మా ఆవిణ్ణి అడగండి."

"అడుగుతాను. అందాకా మీరిక్కణ్ణించి కదలొద్దు."

ఇద్దరి మాటల్లోనూ నిజముంది. ఎస్సైకి అదే ఒళ్లు మండించింది. ఆమె కాపురం ఉండేది మెట్రో ఆఖరి స్టేషన్‌కి అవతల. రోజూ ఈ వీధిలోని డాబాలను చూసి కుళ్లుకుంటూనే డ్యూటీకొస్తుంది.

బల్ల మీద నీడ మ్యాపు పరిచి ఉంది. అంచున ఎర్ర పెన్సిల్‌తో చిన్న ముక్క.

నీడ లేనిది. 26. చూడాలి.

"ఇరవై ఆరో నంబరిల్లు!" కార్యదర్శి అరిచాడు. "నీడ పడని ఇల్లొకటి దొరికిందన్నమాట. చూడ్డానికి వెళ్లుంటారు. మూలిల్లు మేడమ్, ఏడాదిగా తాళమే. కొన్నది వీళ్ల కంపెనీయే!"

మేనేజర్ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"తాళంచెవి?"

"ఆఫీసులో ఉంది... తెప్పించడానికి గంట..."

"పగలగొట్టండి."

ఎనిమిదీ ముప్పై ఐదు. తలుపు ఊడింది. లోపల నేలంతా దుమ్ము. దాని మీద ఒక్క అడుగు గుర్తు లేదు. మేడ చూశారు. వెనక షెడ్డు చూశారు. నీళ్ల తొట్టి మూత ఎత్తి చూశారు. కూతురు ఖాళీ గదుల్లో "నాన్నా, నాన్నా" అంటూ తిరుగుతుంటే వినలేక ఎస్సై బయటికొచ్చేసింది.

ఆసుపత్రుల నుంచి కబురు లేదు. పార్కుల్లో లేడు. స్టేషన్ కెమెరాలు చూడాలంటే పై ఆఫీసు అనుమతి కావాలట. పదకొండవుతుందట.

"తొమ్మిదీ ఇరవై," గడియారం గొంతు తగ్గించి చెప్పాడు.

ఎస్సై మళ్లీ మ్యాపు ముందు కూలబడింది. ఎక్కడో జనం మధ్యే ఒక ముసలాయన ప్రాణం పోతోంది. తను ఇక్కడ కాగితం చూస్తూ కూర్చుంది.

ఇరవై ఆరో ఇంటి మీద వేలు పెట్టింది.

ఆ ఇల్లంతా నల్లగీతలే. పన్నెండు నెలలూ నీడే. మరి నీడ లేనిది ఎలా అయింది? నలభై ఏళ్లు భూమి కొలిచిన చెయ్యి అంత తప్పు రాస్తుందా?

"మీ పనామె ఎక్కడుంటుంది?" హఠాత్తుగా అడిగింది.

కూతురు చూపు తిప్పుకుంది. "తెలీదు. ఎక్కడో ఊరి చివర."

"ఎన్నాళ్లుగా చేస్తోంది?"

"నాలుగేళ్లు."

ఎస్సై దిగ్గున లేచింది.

"గడియారం, బండి తియ్! ఆఖరి స్టేషన్ బస్ డిపోకి ఫోన్ కలుపు. ఇరవై ఆరో నంబరు బస్సులన్నీ ఆపమను. నిద్రపోతున్న ముసలాళ్లందర్నీ లేపమను. లేవనివాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్లమను!"

పదీ ఐదుకి మూడో బస్సులో దొరికాడు. వెనక సీటు, కిటికీ పక్కన. చొక్కా చెమటతో తడిసి ముద్దయింది.

కండక్టర్ నెత్తి కొట్టుకుంటున్నాడు. "పొద్దున్నుంచీ మూడు ట్రిప్పులు తిరిగారండీ. పెద్దాయన కదా, పడుకోనీలే అనుకున్నాను. పాపిష్టి వెధవని, ఒక్కసారి తట్టి చూడలేదు!"

పదకొండున్నర. ఆసుపత్రి వరండా. కూతురు, కార్యదర్శి, మేనేజర్ బెంచీ మీద ఉన్నారు. గడియారం వెతికి పట్టుకొచ్చిన పనామె గోడకి ఆనుకుని నిలబడింది.

"ఆయన్ని ఎవరూ ఎత్తుకుపోలేదు," అంది ఎస్సై. "ఆ ముక్క ఇంటి గురించనుకున్నాం. ఆ ఇంటి మీద ఏడాది పొడుగునా నీడే. ఆయన రాసింది మనిషి గురించి."

"మనిషేమిటి మేడమ్?" కార్యదర్శి తెల్లబోయాడు.

"మనం మాట్లాడేదాంట్లో ఇల్లయినా 'లేనిదే', ఆడమనిషయినా 'లేనిదే'. ఈవిడ పొద్దున పనామెని అది అన్నారు. నిలువ నీడ లేనిది. ఇరవై ఆరు ఆమె ఎక్కే బస్సు నంబరు. వెళ్లి చూడాలి. ఆ బస్సులు నేను రైలెక్కే చోటే ఆగుతాయి. రోజూ చూస్తూ కూడా నాకు తట్టడానికి రెండు గంటలు పట్టింది."

కూతురి వైపు తిరిగింది.

"ఆమె రాలేదన్నారు. రాలేదా? మీరే రావద్దన్నారా?"

ఆవిడ ముఖం చేతుల్లో దాచుకుంది.

"నిన్న సాయంత్రం... ఇల్లు ఖాళీ చేయించారని, పిల్లల్తో రోడ్డున పడ్డానని ఏడ్చింది. మ్యాపు ఇవ్వొద్దని నాన్నని బతిమాలింది. టవర్ కడితే కింద నాకో గది దొరుకుతుంది అయ్యగారూ అంది. మా ఇంట్లో తింటూ మా ఎండకే ఎసరు పెడతావా అని అరిచాను. రేపట్నుంచి రావద్దన్నాను."

"పొద్దున అలవాటుకొద్దీ సూది వేసుకున్నారు. టిఫిన్ పెట్టే మనిషి లేదని అప్పుడు గుర్తొచ్చుంటుంది. తినకుండానే ఆమె కోసం బయల్దేరారు."

"సిగ్గేసి మీకు చెప్పలేదు మేడమ్. చెప్పుంటే ఏడున్నరకే దొరికేవారు కదా?"

అవునన్నట్టు ఎస్సై తలూపింది.

పనామె గోడ వెంట కిందికి జారిపోయింది. "ఆ బస్సు మేం రోడ్డు పక్కన కట్టుకున్న పట్టా గుడారం ముందే తిరుగుతుందమ్మా. మూడుసార్లు వెళ్లుంటుంది. నేను చూళ్లేదు."

డాక్టర్ తలుపు తీశాడు. "ప్రాణం నిలబడింది. గ్లూకోజ్ ఎక్కించినా స్పృహ మాత్రం రావట్లేదు. మెదడుకెంత దెబ్బ తగిలిందో ఇప్పుడే చెప్పలేం. అలవాటైన గొంతుతో పిలిచి చూడండి."

కూతురు లోపలికెళ్లింది. నాన్నా అని పిలిచింది. నా తప్పే నాన్నా అంది. ఆయనలో ఏ చలనమూ లేదు. బయటికొచ్చి పనామె చెయ్యి పట్టుకుంది.

"నువ్వు పిలు."

"నేనా అమ్మగారూ?"

"నాలుగేళ్లుగా పొద్దున్నే పిలిచేది నువ్వే కదే."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని మంచం దగ్గర నిలబడింది. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. చివరికి రోజూ అనేదే అంది.

"అయ్యగారూ, టిఫిన్ పెట్టాను. చల్లారిపోతోంది, రండి."

కనురెప్ప కదల్లేదు.

కూతురు మంచానికి రెండోపక్క వచ్చి తండ్రి పాదాలు పట్టుకుంది. "మళ్లీ పిలు," అంది ఏడుస్తూ.

ఆమె మళ్లీ పిలిచింది.