కొత్తిమీర మడిలో కంటె

కంటె దొరికింది. దొంగ కూడా దొరికిందని అందరూ నిశ్చింతగా ఉన్నారు. పోలీసు అమీన్ జంగయ్యకు మాత్రం కాలు ఒకచోట నిలవడం లేదు.

1942 జనవరి. సోమవారం ఉదయం తొమ్మిది నలభై. చిట్యాలలో బుచ్చయ్య పటేలు ఇంటి పెరడు.

పెరటి మూలన గుంజకు ఈదమ్మను కట్టేశారు. యాభై దాటిన మనిషి. ఆ పెరట్లోని పుదీన, మెంతి, కొత్తిమీర మడులు, కుండీల్లో సబ్జా మొక్కలు, అన్నీ ఆమె చేతి మీద పెరిగినవే.

పదకొండు గంటల బస్సుకు ముద్దాయిని నల్లగొండ పంపాలని పై అధికారి హుకుం. బస్సెక్కితే ఈదమ్మ మళ్లీ ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. గుడిసెలో కళ్లు కనపడని మొగుడు ఉన్నాడు. అతనికి ముద్ద పెట్టేవాళ్లు ఇంకెవరూ లేరు.

"మొదట్నుంచి చెప్పుండ్రి" అన్నాడు జంగయ్య, మడుల మధ్య తిరుగుతూనే.

బుచ్చయ్య భార్య కౌసల్య ముందుకొచ్చింది.

"శుక్రారం పొద్దుగాల తలకు పోస్కున్న, అమీన్ సాబ్. కంటె తీసి గీ రాయి మీద పెట్టిన. మరిచిపోయి లోపలికి పోయిన."

"ఎన్ని గంటలకు?"

"ఎనిమిదికి."

"ఎప్పుడు యాదికొచ్చింది?"

"ఎనిమిదిన్నరకు. వచ్చి చూస్తే లేదు."

"పెరట్ల ఎవరున్నరు?"

"ఈదమ్మ ఒక్కతే. నీళ్లు పోస్తున్నది."

"ఇంట్ల?"

"నేను, మా అత్త, మా మరిది అమరేందర్. మా ఆయన చేను కాడికి పోయిండు."

అమరేందర్ గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. పట్నంలో చదివిన పిల్లవాడు. తలకు నూనె, జేబులో దువ్వెన, ముఖం నిండా జాలి.

జంగయ్య ఈదమ్మ వైపు తిరిగాడు. "నీకెట్ల దొరికింది?"

"మీరు పెట్టిన జవాను మూడు దినాలు నన్ను పెరట్లకు రానియ్యలేదు అయ్యా. ఇయ్యాల పొద్దుగాల నీళ్లు పొయ్యనిస్తే, కొత్తిమీర మడిల జానెడు జాగా ఖాళీగ కనవడ్డది. మొలకలు ఎవలో పెరికిండ్రు. ఏందని వేలుతోని కెలికిన. కంటె తగిలింది. గప్పుడే అమ్మను కేకేసిన."

"దాచింది నువ్వే గాబట్టి జాగా ఎరుక!" బుచ్చయ్య గొంతు పెంచాడు. "సోదా చేస్తరని భయపడి తెచ్చిచ్చింది, అమీన్ సాబ్. ఇంక అడిగేదేముంది?"

ఎంత చక్కటి న్యాయం! దొరికిన బంగారం తెచ్చి ఇచ్చినందుకు గుంజకు కట్టడం. జంగయ్యకు ఒళ్లు మండిపోయింది. కానీ కోపంతో రిపోర్టు రాయలేం గదా. గడియారం చూశాడు. పది దాటి అయిదు నిమిషాలు.

ఫింగర్‌ప్రింట్లు, కెమెరాలు హైదరాబాద్‌లో ఉంటాయి. అతని దగ్గర ఉన్నది ఒక భూతద్దం, దానికీ పగులు. దాన్నే పట్టుకుని మడి ముందు గొంతుక్కూర్చున్నాడు.

చుట్టూ రెండాకుల మొలకలు ఒత్తుగా ఉన్నాయి. మధ్యలో ఖాళీ. అక్కడి మట్టి పిడికెడు తీసి రుమాలు మీద పరిచాడు.

గింజలు! పది పన్నెండు ధనియాలు.

"పెరికిన కాడ మళ్ల ఇత్తులు ఏసినవా?"

"లేదయ్యా. నేను ఏసేటివి రాయి మీద నలిపి బద్దలు చేస్త. గవి నిండు గింజలు. నావి కావు."

"దొంగతనం చేసేటోళ్లకు నలిపే తీరిక ఉంటదా?" అన్నాడు బుచ్చయ్య.

మాట నిజమే. జంగయ్య లేచాడు. నాలుగడుగులు వేశాడు. మళ్లీ వచ్చి కూర్చున్నాడు. పది ఇరవై. ఒక గింజను అనాలోచితంగా గోళ్ల మధ్య చిదిమాడు. చేయి ముక్కు దగ్గరకు వెళ్లింది.

అక్కడే ఆగిపోయాడు.

"కౌసల్యమ్మా! మీ వంటింట్ల ధనియాల డబ్బా జర తెండి."

డబ్బా వచ్చింది. రెండు గింజలు పక్కపక్కన పెట్టాడు. మట్టి కడిగితే రెండింటిదీ ఒకటే గోధుమ రంగు.

"వాసన చూడుండ్రి."

కౌసల్య చూసింది. ముఖం మారిపోయింది. "ఇవి వేయించినయి! గురువారం కారం పొడికని నేనే వేయించిన."

"ఈదమ్మా, వేయించిన గింజ మొలుస్తదా?"

"సచ్చినా మొలవదయ్యా."

"డబ్బా ఎక్కడుంటది?"

"వంటింట్ల, ఉట్టి కింద" అంది కౌసల్య.

"ఈదమ్మ వంటింట్లకు వస్తదా?"

లోపలి నుంచి అత్త అండాలు గయ్యిమంది. "రామ రామ! ఎన్నడు రానిచ్చినం? ఇరవై ఏండ్ల సంది పని చేస్తున్నది, ఒక్కనాడు గడప తొక్కనియ్యలె. గంజి గూడ పెరట్లనే పోస్తం."

"అవ్వా, మీ నోటితోనే తేల్చిండ్రు" అన్నాడు జంగయ్య. "కంటె పాతినోనికి మడిల ఖాళీ కనపడ్డది. ఎవరన్న చూస్తరని భయపడ్డడు. వంటింట్ల ధనియాలు పిడికెడు తెచ్చి చల్లిండు. మొలిస్తే కలిసిపోతదని లెక్క. మీరు, మీ కోడలు కాపు ఇండ్లల్ల పుట్టిండ్రు, వేయించినయి నిద్రల గూడ చల్లరు. బుచ్చయ్య పటేలు చేన్ల ఉన్నడు. ఇగ ఈ ఇంట్ల ఎన్నడూ ఒక్క ఇత్తు ఏయనిది ఎవరు?"

అన్ని కళ్లూ గుమ్మం వైపు తిరిగాయి.

"డబ్బాల ఉన్నయి వేయించినయని నాకేం ఎరుక!" అనేశాడు అమరేందర్.

నాలుక కరుచుకున్నాడు. అప్పటికే ఆలస్యమైపోయింది.

బొంబాయి పోయి సినిమాల్లో చేరాలట. ఈదమ్మ నీళ్లకు బావి దగ్గరికి వెళ్లినప్పుడు కంటె పాతాడట. మూడు రోజులుగా పెరటి తలుపు దగ్గర జవాను కదలకపోవడంతో కంటె తవ్వుకునే వీలు చిక్కలేదట. అన్నీ ఏడుస్తూ చెప్పాడు.

పది యాభై. జంగయ్య స్వయంగా కట్లు విప్పాడు. ఈదమ్మ మణికట్ల మీద తాడు అచ్చు పడింది.

"ఇంటి సంగతి ఇంట్లనే చూస్కుంటం, అమీన్ సాబ్. కేసు వద్దు" బుచ్చయ్య చేతులు జోడించాడు.

"పొద్దుగాల ఈదమ్మ కాడ గీ మాట రాలేదేం?" అన్నాడు జంగయ్య. "ముద్దాయిని పదకొండు బస్సుకు పంపమన్నరు. పంపుతున్న."

కౌసల్య వెక్కుతూ ఈదమ్మ దగ్గరకు వచ్చింది. "లోపలికి రా, ఈదమ్మా. వంటింట్లనే కూసొని ఇంత తిను."

ఈదమ్మ కదల్లేదు. చేతులు రుద్దుకుంటూ ఆమెను చూసింది.

"వద్దమ్మా. గా గడప తొక్కలేదు గాబట్టే ఇయ్యాల బతికిన. ఇంట్లకు వచ్చినంక రేపు ఇంకోటి పోతే, అమీన్ సాబ్ నన్ను ఏం చూపెట్టి ఇడిపిస్తడు?"

జంగయ్య అమరేందర్ భుజం పట్టుకుని రోడ్డు వైపు నడిచాడు.