దొరగారి మరుగుదొడ్డి

ఆ కోటలో అందరూ భయపడేది చెరసాలకి కాదు, ఉరితీసే బురుజుకీ కాదు... మరుగుదొడ్డికి. నవ్వకండి, అక్కడివాళ్లు చెప్పుకునేదే నేనూ చెబుతున్నాను. చీకటి పడితే కాపలావాడు ఎంత అవసరమొచ్చినా కడుపు పట్టుకుని గేటు బయటికి పరిగెడతాడు గానీ, అటువైపు తల కూడా తిప్పడు.

గది అంటే గదీ కాదు. కోటగోడ మీంచి బయటికి పొడుచుకొచ్చిన చిన్న రాతి గూడు. లోపల ఒక రాతి అరుగు, అరుగు మధ్యలో మనిషి పట్టేంత కన్నం. తొంగిచూస్తే... ఎక్కడో కింద అగడ్త.

కోట కట్టించిన దొర యుద్ధంలో నేలకొరిగాడని గుమ్మం పక్కన పలక మీద చెక్కి ఉంది. అదంతా వట్టిది, దొర ఆ కన్నంలోంచి జారిపడి పోయాడు — అని ఒక రిటైరైన చరిత్ర మాస్టారి వాదన. దాని మీద ఏకంగా పుస్తకమే రాసేశారు. ఫోటోలు తీసే పని అల్లుడికి పురమాయించారు.

అల్లుడు పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్. "బటన్ నొక్కడం కూడా ఒక పనేనా?" అని మావగారు ప్రతి ఆదివారం భోజనాల దగ్గర అందరి ముందూ అంటూనే ఉంటారు. ఆ కన్నం ఫోటో బాగా వస్తే ఆయన నోట ఒక్క మంచి మాటైనా వినొచ్చని, పాపం, అతని ఆశ.

పగలంతా చూడొచ్చిన జనం అడ్డం. అందుకని అందరూ వెళ్లిపోయాక, చీకటి పడుతుండగా స్టాండు నిలబెట్టాడు. లైటు వేశాడు. కన్నానికి గురిచూశాడు...

"వద్దు బాబూ..."

గొంతు కన్నంలోంచే వచ్చింది.

అల్లుడికి ఒళ్లు జల్లుమంది. పారిపోదామనుకున్నాడు — ఖాళీ చేతులతో వెళితే మావగారి మొహం ఎలా ఉంటుందో తలుచుకుని ఆగిపోయాడు. దానికన్నా దెయ్యమే నయమనిపించింది.

"ఎవరండీ?"

"దొరని. ఆ బొమ్మ తీయకు... యుద్ధంలో పోయానని జనం అనుకుంటున్నారు. ఆ కాస్త పరువూ ఉండనీ."

"మీ పరువు ఒక్కసారే పోతుందండీ. నాది వారం వారం పోతోంది," అన్నాడు అల్లుడు ఏడుపు గొంతుతో. "ఇది తీయకపోతే మా మావగారు నన్ను బతకనివ్వరు."

"మావగారా?" అంది గొంతు, మెల్లగా. "అయ్యో నాయనా... అయితే తీసుకో. కానీ ఒక్క మాట. నేను జారిపడలేదు."

"మరి?"

"తోశారు... మా మావగారే."

అల్లుడు బటన్ నొక్కి, సామాను చంకన పెట్టుకుని ఒకటే పరుగు.

మర్నాడు మావగారు ఆ ఫోటోని అటు తిప్పి ఇటు తిప్పి చూశారు. మొహం విప్పారింది. "శభాష్ అల్లుడూ. అంచులతో సహా ఎంత స్పష్టంగా వచ్చిందో. ఇన్నాళ్లూ నిన్ను తక్కువగా చూశాను."

అల్లుడి కళ్లలో నీళ్లు తిరిగాయి. దొర జారిపడలేదన్న సంగతి నోటిదాకా వచ్చింది గానీ, ఆ మంచి మాట ఎక్కడ చెడిపోతుందోనని మింగేశాడు.

"ఒకటే లోటు," అన్నారు మావగారు, అతని వీపు నిమురుతూ. "కన్నం ఎంత పెద్దదో తెలియాలంటే పక్కన ఒక మనిషి ఉండాలి. సాయంత్రం మనిద్దరం వెళదాం. కెమెరా దానంతటదే నొక్కుకునేలా పెట్టేసి, నువ్వు అంచు మీద నిలబడు. భయమెందుకు... వెనకాల నేనుంటాగా."