తొమ్మిదో అనుబంధం

సగం తాగిన కాఫీ పక్కనే యోరిస్ తల వాల్చేశాడు. బ్రస్సెల్స్‌లో అతను రోజూ వెళ్లే కాఫీ హోటల్ అది. ఉదయం ఎనిమిది. నిద్రపోతున్నాడనుకుని గంటసేపు ఎవరూ లేపలేదు. లీవన్ వచ్చేసరికే ఒళ్లు చల్లబడింది.

లీవన్ బెల్జియం సైనిక గూఢచారి. యోరిస్ క్షిపణుల ఇంజనీరు, అతని చిన్ననాటి స్నేహితుడు. "ఒప్పందంలో దొంగ దూరాడురా, పొద్దున్నే రా" అని ముందురోజు ఫోన్లో యోరిస్ చెప్పింది ఆ ఒక్క మాటే.

సముద్రం అవతలి పెద్ద మిత్రుడు అవసరానికి ఆయుధాలిస్తాడన్న నమ్మకం పోయి, ఏడు దేశాలు కలిసి సొంత క్షిపణి కవచం కొనుక్కుంటున్న ఒప్పందమది. ఆ మధ్యాహ్నం పన్నెండింటికల్లా సంతకాలు పూర్తవ్వాలి.

కాఫీలో విషం కలిపారని లీవన్ చెప్పినా, అతని చీఫ్ మేడం గోఫాన్ ఫైలు మీంచి తలెత్తలేదు. గుండెపోటని రాయమంది. విషమని బయటపడితే ఏడుగురూ ఏడు దారులు పడతారంది.

"చచ్చినవాణ్ణి కూడా నోరు మూసుకోమంటారా మేడం?"

"సంతకాలయ్యేదాకా."

లీవన్ తలుపు విసిరికొట్టి బయటికి వచ్చాడు. పదకొండున్నరకి, అంటించుకున్న మీసంతో, వెయిటర్ తెల్లకోటుతో రాజభవనం హాల్లో కాఫీ పోస్తున్నాడు. కోటు పైబొత్తాం మైక్రోఫోన్. దాన్ని వినగలిగేది చీఫ్ ఒక్కతే. వింటుందన్న ఆశ అతనికి లేదు.

ఆకుపచ్చ సిల్కు గౌనులో సెవెరిన్ కిటికీ దగ్గర నిలబడి ఉంది. ఆయుధాల కంపెనీలకు సలహాదారు. నాలుగేళ్లుగా లీవన్‌కు రహస్యాలు చేరవేస్తోంది. యోరిస్ ఎక్కడ కాఫీ తాగుతాడో లీవన్ తర్వాత తెలిసింది ఆమెకే.

"చక్కెర అయిపోయింది మేడం" అన్నాడు ట్రే చాపి. వాళ్లిద్దరి మధ్య ప్రమాదానికి కోడ్ అది. ఆమె ముఖం పాలిపోయింది.

"వాణ్ణెందుకు చంపించావు?"

"ఎక్కడ దొరుకుతాడో చెప్పమన్నారు. బెదిరిస్తామనే అన్నారు. చంపుతారనుకోలేదు లీవన్."

"నీకు చెప్పి చేస్తారా? వాళ్లకి నువ్వెవరు? మాకు మాత్రం ఎవరు?"

ఆమె కళ్లు దించుకుంది. గుసగుసగా అంతా చెప్పేసింది. తొమ్మిదో అనుబంధంలో, క్షిపణుల తాళం సాఫ్ట్‌వేర్ ఒక చిన్న కంపెనీకి అప్పగించారు. కవచం ఏ శత్రువు కోసం కొంటున్నారో, ఆ కంపెనీ ఆ శత్రువుదే. వాళ్లక్కడ ఒక్క మీట నొక్కితే ఇక్కడ ఒక్క క్షిపణీ లేవదు.

"తలుపు దగ్గర ఇద్దరూ వాళ్లవాళ్లే. వెళ్లిపో" అంది.

పదకొండు యాభై తొమ్మిది. ఆరు సంతకాలైపోయాయి. బెల్జియం మంత్రి కలం మూత తీశాడు. లీవన్ బల్లవైపు నడిచాడు. వెనకనుంచి ఒక చెయ్యి అతని మెడ పట్టుకుంది. కలం మొన కాగితాన్ని తాకబోతుండగా లీవన్ తన చేతిలోని కాఫీ జగ్గు మొత్తం ఒప్పందం మీద కుమ్మరించాడు.

ఆరు సంతకాల సిరా అలుక్కుపోయింది. మంత్రి తడిసిన చొక్కాతో లేచి, "ఎవడ్రా వీడు?" అని అరిచాడు. లీవన్ నేలమీద పడి ఉన్నాడు, వీపు మీద ఒకడి మోకాలు. అప్పుడు హాలు స్పీకర్లలో సెవెరిన్ గొంతు వినిపించింది. తొమ్మిదో అనుబంధం, కంపెనీ, తాళం, మీట. చీఫ్ అంతా విన్నది. విని ఊరుకోలేదు.

వీపు మీది మోకాలు లేచింది. పరిగెత్తబోయిన ఇద్దరినీ మెట్ల దగ్గరే పట్టుకున్నారు. సెవెరిన్ కదల్లేదు. సంకెళ్ల కోసం తనే చేతులు చాపింది.

ఆ అనుబంధం లేకుండా కొత్త ఒప్పందం రాయడానికి అయిదు వారాలు పట్టింది. పత్రికల్లో విషం మాట లేదు. యోరిస్‌ది గుండెపోటు, సంతకాల వాయిదాకు కారణం ఒక వెయిటర్ అజాగ్రత్త. ఆ వార్త చదివి యోరిస్ భార్య లీవన్‌కు ఫోన్ చేసింది. ఆమెకు నిజం చెప్పే అధికారం అతనికి లేదు. అయినా చెప్పేశాడు.

ఆ వెయిటర్‌ని ఇక ఏ విందుకీ రానివ్వకూడదని ఒక ఉత్తర్వు తయారైంది. దాని మీద మాత్రం ఏడు దేశాలూ అదే రోజు సంతకం పెట్టాయి.