ఎడమవైపు పట్టీ

ఆదివారం ఉదయం తొమ్మిదింటికే అల్లుడు మామగారి వాకిట్లో మోకాళ్ల మీద కూర్చున్నాడు. పక్కన సబ్బునీళ్ల స్ప్రే సీసా, రబ్బరు పలక, ఫిల్మ్ చుట్ట. ఎదురుగా పెద్దాయన కొన్న కొత్త కారు.

ఆ కారు డోర్ల కింద, రెండువైపులా, నల్లగా నిగనిగలాడే పట్టీలున్నాయి. చక్రాలు ఎగరగొట్టే కంకర ముందుగా తగిలేది వాటికే. కంటికి కనబడని ఫిల్మ్ ఒక పొర వేస్తే రాయి తగిలినా రంగు పెచ్చు లేవదు. ఆ పనిలో అల్లుడిది తిరుగులేని చెయ్యి. మామగారింట్లో మాత్రం పదేళ్లుగా ఆయన పేరు స్టిక్కర్లాయన.

"అమ్మడూ, మన స్టిక్కర్లాయనకి కాఫీ ఇచ్చావా?" అని కుర్చీలోంచి కేకేశాడు పెద్దాయన. పక్క కుర్చీలో ఉన్న ఎదురింటి లాయరు మర్యాదకి కొంచెం నవ్వాడు. అలా నవ్వేవాళ్లు ఉన్నన్నాళ్లూ పెద్దాయన నోటికి అడ్డేముంది?

అమ్మడు, అంటే ఆయన కూతురు, కాఫీ తెచ్చి భర్త పక్కన పెట్టింది. అప్పటికి కుడివైపు పట్టీ పూర్తయింది. ఎక్కడ ఫిల్మ్ మొదలైందో ఎక్కడ ఆగిందో వేసినవాడికి తప్ప తెలియదు. ఎనిమిదేళ్ల పాప తండ్రి వెనకే నిలబడి స్ప్రే సీసా అందిస్తోంది.

ఎడమవైపుకి వచ్చాక అల్లుడు ఆగిపోయాడు. పట్టీని వేలితో నిమిరాడు. వంగి వాసన చూశాడు.

"మామయ్యగారూ, ఇది కంపెనీ రంగు కాదు. ఈమధ్యే ఎవరో కొత్తగా వేశారు. పైన ఆరింది కానీ లోపల ఇంకా పచ్చిగానే ఉంది. నెల రోజులు ఆగుదాం."

"షోరూమ్ నుంచి వచ్చి పది రోజులు కాలేదు, రంగు వేశారట! చేతకాకపోతే చేతకాదని చెప్పు."

అల్లుడు చెప్పింది అక్షరాలా నిజమని అమ్మడికి తెలుసు. మొన్న బుధవారం తమ్ముడు కారు తీసుకెళ్లి గేటు స్తంభానికి గుద్దాడు. "నాన్నకి తెలిస్తే చంపేస్తాడే అక్కా, నీకు దణ్ణం పెడతాను" అని ఫోన్లో ఏడ్చాడు. ఆ సాయంత్రమే మెకానిక్ షెడ్డులో రంగు వేయించి తెచ్చాడు. ఇప్పుడు వాడు మేడమీద బాల్కనీలోంచి అక్క వైపు చూస్తూ వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు.

అల్లుడు కూడా భార్య వైపే చూశాడు. కాస్త ఎక్కువసేపే చూశాడు.

"వేసెయ్యండీ. నాన్న అంతగా అడుగుతున్నారు కదా, నా కోసం" అంది అమ్మడు.

అల్లుడు స్ప్రే సీసా అందుకున్నాడు. పనిలో ఏ లోటూ చేయలేదు. నీళ్లు కొట్టి, ఫిల్మ్ పరిచి, రబ్బరు పలకతో నీటి బుడగలన్నీ బయటికి తోశాడు. గంట తర్వాత పెద్దాయన లేచొచ్చి, కళ్లజోడు సరిచేసుకుని, అంచులో చిక్కిన నలుసంత దుమ్మును పట్టుకున్నాడు.

"ఇదేంటి? తీసి మళ్లీ వెయ్యి."

"ఇప్పుడు తీస్తే రంగు లేచొస్తుంది మామయ్యగారూ. ముట్టుకోకండి."

'ముట్టుకోకండి' అన్న మాట లాయరు ముందు పడాల్సింది కాదు. పెద్దాయన వంగి, గోటితో అంచు లేపి, సర్రున లాగాడు. ఫిల్మ్‌తోపాటు మూరెడు నల్లరంగు ఊడి ఆయన చేతికొచ్చింది. కింద బూడిదరంగు ప్లాస్టిక్ బయటపడింది.

పెద్దాయన బకెట్లో తడిగుడ్డ తీసి అల్లుడి ముఖాన కొట్టాడు. "నా కూతుర్ని ఇచ్చింది ఇందుకట్రా? పదేళ్ల నుంచి అంటించడమే పని, అదీ రాదు! నీలాంటివాణ్ని గేటు లోపలికి రానిచ్చినందుకు నన్ను నేను కొట్టుకోవాలి."

సబ్బునీళ్లు గడ్డం మీంచి చొక్కా మీదికి కారాయి. ఆయన తుడుచుకోలేదు. బాల్కనీలో తమ్ముడు లేడు. లాయరు చల్లగా జారుకున్నాడు. పెద్దాయన విసురుగా లోపలికి వెళ్లిపోయాడు.

పాప తల్లి కొంగు పట్టుకుని లాగింది. "అమ్మా, నాన్న తప్పు చేశాడా?"

ఒక్క మాట చాలు. ఆ మాట గొంతు దాకా వచ్చింది కూడా. బాల్కనీ తలుపు వెనక తమ్ముడి నీడ కనిపించింది. "అవునమ్మా, నాన్న సరిగ్గా చూసుకోలేదు" అంది అమ్మడు.

ఫిల్మ్ చుడుతున్న ఆయన చేతులు ఆగాయి. తల ఎత్తలేదు. మళ్లీ చుట్టడం మొదలుపెట్టాడు. పాప మాత్రం చేతిలోని స్ప్రే సీసాను నేలమీద పెట్టేసి నాలుగడుగులు దూరం జరిగింది. కూతురు అలా జరగడం చూశాక అమ్మడు తిన్నగా తండ్రి గదిలోకి వెళ్లింది.

"నాన్నా, ఆ రంగు వేయించింది తమ్ముడు. కారు గుద్దింది వాడే. నాకు ముందే తెలుసు."

పెద్దాయన చేతులు తుడుచుకుంటూ, "నాకూ తెలుసు. షెడ్డువాడు నిన్ననే చెప్పాడు" అన్నాడు.

"మరి ఆయన్నెందుకు కొట్టారు?"

"లాయరు ముందు నా కొడుకు పరువు తీయమంటావా? వాడికి రేపు పెళ్లి కావాలి. ఇతనెంత, రెండు మాటలు పడి ఊరుకుంటాడు. నువ్వూ అందుకేగా నోరు మెదపలేదు?"

అమ్మడికి కోపం రావాలి. రాలేదు. తండ్రి అన్నదాంట్లో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు. పదేళ్లుగా ఈ ఇంట్లో ఎవరికి దెబ్బ తగలబోయినా ఆమె అడ్డం పెట్టింది భర్తనే. ఆయన పడతాడులే అనుకుంది. ఆమె చెప్పులు వేసుకుని బయటికి నడిచింది. వెనక నుంచి తండ్రి పిలిచినా ఆగలేదు.

గేటు బయట తమ స్కూటర్ దగ్గర పాప ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "నాన్న తప్పేం లేదమ్మా. ఆ రంగు ఆరలేదని ముందే చెప్పారు. నేనే అబద్ధమాడాను."

పాప కళ్లు పెద్దవి చేసింది. "తాతయ్య గుడ్డతో కొట్టినప్పుడు కూడా నీకు తెలుసా?"

"తెలుసు."

ఎప్పుడూ ఇద్దరి మధ్యా కూర్చునే పిల్ల, వెళ్లి ముందువైపు, తండ్రి చేతుల మధ్య నిలబడింది. అమ్మడు సామాన్ల పెట్టె ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చుంది. భర్త చొక్కా ఇంకా తడిగానే ఉంది.

రెండు వీధులు దాటాక అంది. "నన్ను నాలుగు తిట్టండీ. అన్నీ తెలిసి కూడా..."

"నీకు తెలుసని నాకూ తెలుసు. బుధవారం నీ తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను పక్కగదిలోనే ఉన్నాను."

"మరి మీరే చెప్పెయ్యొచ్చుగా!"

ఆయన మలుపు దగ్గర స్కూటర్ నెమ్మది చేశాడు. "నువ్వు చెప్తావేమోనని చూశాను" అన్నాడు. "పాప నిన్ను అడిగేదాకా చూశాను."

అమ్మడు ఆ తడిచొక్కాకి ముఖం ఆనించి వెక్కివెక్కి ఏడ్చింది. గతుకుల రోడ్డు వచ్చింది. "పెట్టె జాగ్రత్త, గట్టిగా పట్టుకో" అన్నాడు అంతే.